నిషేధం వేరు, నియంత్రణ వేరు



ఇప్పుడు ఏ కళాశాల గోడ చూసినా, ఏ బస్టాండుకు వెళ్ళినా ‘డ్రగ్స్ వద్దు బ్రో’ అన్న నినాదం కనబడుతున్నది. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ‘ఈగల్’ పేరుతో మాదకద్రవ్యాల నిరోధానికి ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటు చేసింది. విద్యార్థుల చేత ప్రతిజ్ఞలు చేయిస్తున్నారు. ఆ నినాదంతో నాకు పేచీ లేదు. సర్వీసులో ఉన్నంతకాలం రోగులకు నేను చెప్పిన మాట కూడా అదే. నా పేచీ దాని వెనుక ఉన్న నమ్మకంతో. చట్టం చేసి, పట్టుకొని, జైలులో పెడితే మత్తు సమాజం నుంచి తొలగిపోతుందన్నది ఆ నమ్మకం. మన రాష్ట్రం ఈ నమ్మకాన్ని మద్యం విషయంలో మూడుసార్లు పరీక్షించి చూసింది. ఫలితాలు మన కళ్ళముందే ఉన్నాయి. అయినా గంజాయి విషయంలో అదే నమ్మకాన్ని గట్టిగా పట్టుకొని ఉన్నాము.

నేను చెప్పదలచుకున్నది సూటిగా చెబుతాను. ఒక వస్తువును నిషేధించిన క్షణం నుంచి దానిపై ప్రభుత్వానికి ఉన్న అదుపు పోతుంది. ఆ వస్తువులో ఏమి కలుస్తున్నది, దాని గాఢత ఎంత, ఎవరికి అమ్మవచ్చు, ఎంత ధరకు అమ్మాలి అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పే అధికారం దొంగ వ్యాపారి చేతికి వెళుతుంది. అందుకే మత్తుపదార్థాలపై గంపగుత్త నిషేధాన్ని తొలగించి, వాటి స్థానంలో కఠినమైన, చట్టబద్ధమైన నియంత్రణ తేవాలని నేను వాదిస్తున్నాను. ఇది మత్తును సమర్థించడం అని కొందరు అనుకోవచ్చు. దయచేసి చివరివరకు చదివి, ఆ తరువాత తీర్పు చెప్పండి.

మూడు ప్రయోగాలు

మొదటిది పెద్దల కాలం నాటిది. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మొదలుపెట్టిన మద్యనిషేధం 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటికీ విస్తరించింది. అనంతపురం అప్పుడు అందులో భాగమే. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ నిషేధం వారసత్వంగా వచ్చింది. దానిని సమీక్షించడానికి నియమించిన ఎస్.వి. రామమూర్తి సంఘం నిషేధాన్ని ఎత్తివేయాలని సిఫారసు చేసింది. గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న పోరాడారు. సంఘం సిఫారసులను అమలు చేయలేదన్న అంశంపైనే 1954 నవంబరులో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఒక ప్రభుత్వాన్నే కూల్చిన ఆ నిషేధం కాగితం మీద మరికొన్నేళ్ళు కొనసాగి, 1960ల చివరికి ముగిసింది. అప్పటికే అది కాపుసారాను కుటీర పరిశ్రమగా మార్చివేసింది.

రెండవది నెల్లూరు జిల్లా దూబగుంట మహిళల పోరాట ఫలితం. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారాను, 1995 జనవరి 16 నుంచి మొత్తం మద్యాన్ని నిషేధించారు. 1997లో దానిని సడలించవలసి వచ్చింది. ఈ రెండేళ్ళు నేను సర్వీసులో ఉన్నాను కనుక చూసినది చెబుతాను. మొదటి నెలల్లో తాగుడు తగ్గిన మాట వాస్తవం. కూలి డబ్బు ఇంటికి చేరిందని సంతోషించిన తల్లులను చూశాను. ఆ సంతోషాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ కొన్ని నెలలకే రాత్రిపూట ఆసుపత్రికి వచ్చే మత్తు కేసులు మళ్ళీ మొదలయ్యాయి. ఒక తేడా మాత్రం ఉండేది. వచ్చిన మనిషి ఏమి తాగాడో అతనికీ తెలియదు, తీసుకువచ్చిన వారూ చెప్పరు, మాకూ అంతుపట్టదు. చెబితే పోలీసు కేసు అవుతుందన్న భయం. రోగి వైద్యుడికి నిజం చెప్పడానికి భయపడే పరిస్థితిని తెచ్చిన చట్టం ఏదైనా సరే, ప్రజారోగ్య దృష్టితో చూస్తే అది చెడ్డ చట్టమే.

మూడవది ఇటీవలిది. 2019లో దశలవారీ నిషేధం పేరుతో దుకాణాలను ప్రభుత్వమే నడపడం మొదలుపెట్టింది. దుకాణాల సంఖ్య తగ్గించింది. 2020 మే నెలలో ధరలను ఒక్కసారిగా 75 శాతం పెంచింది. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ మన జిల్లా పటం ఒకసారి చూడండి. పావగడ తాలూకా కర్ణాటకది, కానీ అది మన నేల మధ్యలోకి చొచ్చుకొని ఉన్నది. మడకశిర మనది, కానీ దాని చుట్టూ అత్యధిక భాగం కర్ణాటకే. రాయదుర్గం, గుంతకల్లు వారికి బళ్ళారి, హిందూపురం వారికి గౌరీబిదనూరు పొరుగింటి గడప వంటివి. పొలం గట్టు దాటితే రాష్ట్రం మారే చోట చెక్‌పోస్టు ఎన్ని రోడ్లను కాయగలదు? కర్ణాటక టెట్రా ప్యాకెట్లు ద్విచక్రవాహనాల మీద, పాల డబ్బాల్లో, కూరగాయల సంచుల్లో తరలివచ్చాయి. ఇంకా చేతకానివాడు నాటుసారా వైపు మళ్ళాడు. నల్లబెల్లం, తుమ్మచెక్క, యూరియా కలిపి కాచే ఆ ద్రవానికి కొలతా లేదు, పరీక్షా లేదు.

2024 అక్టోబరులో లోలకం రెండవ వైపుకు ఊగింది. ప్రైవేటు దుకాణాలు తిరిగి వచ్చాయి. రూ.99కే క్వార్టరు సీసా అందుబాటులోకి తేవడం ఒక ఘనతగా ప్రచారమైంది. ఒక ప్రభుత్వం నిషేధం పేరు చెప్పి జనాన్ని సారా బట్టీలకు అప్పగించింది. మరొకటి చౌకగా తాగించడాన్ని సంక్షేమంగా భావించింది. ఈ రెండింటికీ నడుమ, వైద్యశాస్త్రం చెప్పే నియంత్రణ అనే మూడవ మార్గం ఒకటున్నదని మాత్రం ఎవరూ గుర్తుచేసుకోలేదు.

తాగుడుకు తోడు విషం

నిషేధం శరీరంలో ఏమి చేస్తుందో వైద్యుడిగా వివరించడం నా బాధ్యత.

మనం మద్యం అని పిలిచే వాటన్నిటిలో ఉండేది ఇథనాల్. దానికి రుచిలో, వాసనలో, మత్తులో దగ్గరగా ఉండే మరొక పదార్థం మిథనాల్. ఇది రంగుల పరిశ్రమల్లో, ద్రావకాల్లో వాడే పారిశ్రామిక రసాయనం. దొంగ వ్యాపారికి ఇది చౌకగా దొరుకుతుంది. తాగిన మొదటి కొన్ని గంటలు మామూలు మత్తులాగే ఉంటుంది. ఆ తరువాత కాలేయం దానిని ఫార్మాల్డిహైడుగా, చివరికి ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. రక్తం ఆమ్లమయమవుతుంది. కంటినాడి దెబ్బతింటుంది. రోగి తన చుట్టూ మంచు కమ్మినట్టున్నదని చెబుతాడు. కొద్దిసేపటికే చూపు పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. దీనికి విరుగుడుగా మేము ఇచ్చే మందుల్లో ఒకటి ఏమిటో తెలుసా? శుద్ధమైన ఇథనాల్. అంటే నాణ్యత తెలిసిన మద్యమే నాణ్యత తెలియని మద్యానికి మందు. నియంత్రణకూ నిషేధానికీ ఉన్న తేడా అంతా ఈ ఒక్క చికిత్సలో ఇమిడి ఉన్నది.

2020 జులై చివరిలో ప్రకాశం జిల్లా కురిచేడులో పదిమందికి పైగా చనిపోయారు. వారు తాగినది మద్యం కూడా కాదు, చేతులు కడుక్కునే శానిటైజర్. కరోనా కట్టడి వల్ల ఆ ఊరిలో మద్యం దుకాణాలు మూతపడ్డాయి. వ్యసనం మాత్రం మూతపడలేదు. అదే సంవత్సరం మార్చిలో లాక్‌డౌన్ విధించగానే కల్లు దొరకక, హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థకు రోగులు వరుసకట్టారు. వణుకు, మూర్ఛలు, మతిభ్రమ, లేనివి కనబడడం వారి లక్షణాలు. తీవ్రంగా అలవాటుపడిన శరీరానికి మత్తును హఠాత్తుగా ఆపివేస్తే ప్రాణాపాయం ఉంటుందని వైద్య విద్యార్థికి కూడా తెలుసు. ఆపడానికి మందులు కావాలి, పడక కావాలి, పక్కన ఒక మనిషి కావాలి. వీటిలో ఏ ఒక్కదానినీ నిషేధ చట్టం సమకూర్చదు.

2016 ఏప్రిల్ నుంచి సంపూర్ణ నిషేధం ఉన్న బీహారులో 2022 డిసెంబరులో సారణ్ జిల్లాలో కల్తీ సారా తాగి డజన్లకొద్దీ మనుషులు చనిపోయారు. అంతకు ఏడాది ముందే, అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి, మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ విజయవాడలో ఉపన్యసిస్తూ, ముందుచూపు లేకుండా చేసిన చట్టాలకు ఉదాహరణగా బీహారు మద్యనిషేధాన్నే పేర్కొన్నారు. దానివల్ల న్యాయస్థానాలు బెయిలు దరఖాస్తులతోనే కిక్కిరిసిపోయాయన్నారు.

గంజాయి కథలో నిందితుడు ఎవరు?

మద్యం నుంచి గంజాయికి వద్దాం. ముందుగా వైద్యుడిగా ఒక మాట. గంజాయి హానికరం. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లవాడు రోజూ పీలిస్తే ఎదిగే మెదడు దెబ్బతింటుంది. చదువు మీద ధ్యాస, జ్ఞాపకశక్తి తగ్గుతాయి. వంశంలో మానసిక వ్యాధి ఉన్నవారిలో చిత్తభ్రమను త్వరగా బయటపెడుతుంది. ఇందులో నాకు రెండవ అభిప్రాయం లేదు. హానికరమైనది కనుకనే దానిని ఎవరి చేతిలో పెట్టాలన్న ప్రశ్న ముఖ్యమవుతున్నది.

1985 ఎన్‌డీపీఎస్ చట్టానికి ముందు మన దేశంలో చాలాచోట్ల గంజాయి లైసెన్సు దుకాణాల్లో దొరికేది. 1893లో బ్రిటిషు ప్రభుత్వం దీనిపై ఒక విచారణ సంఘాన్ని వేసింది. దేశమంతా తిరిగి, 1,193 మంది సాక్షులను విచారించిన ఆ సంఘం సంపూర్ణ నిషేధం అవసరం లేదనీ, పన్నులతో, లైసెన్సులతో అదుపు చేయడమే సరైనదనీ తేల్చింది. 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందం ఒత్తిడితో, ఇచ్చిన పాతికేళ్ళ గడువు ముగియవస్తుండగా మనం 1985లో ఈ చట్టం తెచ్చుకున్నాము. అందులోని వింత చూడండి. మొక్క పూత గంజాయి అవుతుంది, నేరం. అదే మొక్క ఆకు, పూత కలవకుండా ఉంటే, గంజాయి కిందికి రాదు. అందుకే రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో భాంగ్ దుకాణాలు ప్రభుత్వ లైసెన్సుతో నడుస్తున్నాయి. నల్లమందు కూడా మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు ప్రభుత్వ అనుమతితో పండిస్తున్నారు. ప్రభుత్వమే కొని ఘాజీపూర్, నీమచ్ కర్మాగారాలకు పంపుతున్నది. మత్తు మొక్కను చట్టం చెప్పుచేతల్లో ఉంచడం ఈ దేశానికి చేతకాని పని కాదన్నమాట.

ఇక మన రాష్ట్రం సంగతి. పూర్వపు విశాఖ ఏజెన్సీలో 2021–22లో జరిగిన ‘ఆపరేషన్ పరివర్తన’లో 7,500 ఎకరాలకు పైగా గంజాయి తోటలను నరికివేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల సరుకును కుప్పపోసి తగులబెట్టారు. అది చూసి మనం చప్పట్లు కొట్టాము. సరఫరా ఆగిందా? ఆగి ఉంటే మూడేళ్ళు తిరగకుండానే ‘ఈగల్’ ఎందుకు అవసరమైంది? ఒకచోట నరికితే సాగు మరొక కొండకు, సరిహద్దు దాటి ఒడిశాకు జరుగుతుంది. కొరత ఏర్పడితే ధర పెరుగుతుంది. ధర పెరిగితే కొత్తవాడు రంగంలోకి దిగుతాడు.

పట్టుబడేది ఎవరు? పెట్టుబడి పెట్టిన దళారి తన ఊరిలో కూర్చుని ఉంటాడు. మూట మోసిన గిరిజన యువకుడు, కొన్ని వేల రూపాయల కిరాయికి బండి నడిపిన డ్రైవరు దొరుకుతారు. ఇరవై కిలోలకు పైబడితే అది వాణిజ్య పరిమాణం. కనీస శిక్ష పదేళ్ళ కఠిన కారాగారం. బెయిలు దొరకడం గగనం. ఇటు అనంతపురంలో పట్టుబడేది పొట్లం కొన్న కుర్రవాడు. వర్షం మొహం చాటేసి వేరుశనగ ఎండిపోతే కుటుంబాలకు కుటుంబాలు బెంగళూరు పనులకు తరలివెళ్ళే నేల మనది. అక్కడ కట్టడాల దగ్గర, కూలీల గుడిసెల్లో ఒంటరితనానికి విరుగుడుగా అలవాటైన దమ్ముకు ఆ పిల్లవాడు ఇక్కడ కేసు మోస్తాడు. సేవించినందుకు చట్టప్రకారం ఆరు నెలల వరకు జైలు. కేసు నమోదైన తరువాత ఉద్యోగం రాదు, పాస్‌పోర్టుకు చిక్కు, పెళ్ళికి అడ్డంకి. గంజాయి అతని ఊపిరితిత్తులకు చేసిన హాని కంటే చట్టం అతని బ్రతుకుకు చేసిన హాని ఎక్కువ. వ్యాధి కంటే చికిత్స ప్రమాదకరమైతే వైద్యుడు ఆ మందు ఆపేస్తాడు. చట్టానికి ఆ సూత్రం ఎందుకు వర్తించదు?

చికిత్సకు స్వచ్ఛందంగా వచ్చిన వ్యసనపరుడికి ఈ చట్టంలోనే 64-ఎ సెక్షను కింద ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉన్నది. ఆ సంగతి మీలో ఎందరికి తెలుసు? ఏ గోడ మీదనైనా చదివారా?

నొప్పికి మందు లేకుండా చేసిన చట్టం

ఇది ఎక్కువమందికి తెలియని విషయం. నిషేధపు భయం మత్తు వాడేవారిని మాత్రమే దెబ్బతీయలేదు. కాన్సరుతో మంచం పట్టిన వారినీ దెబ్బతీసింది.

తీవ్రమైన కాన్సరు నొప్పికి మార్ఫిన్ ప్రపంచమంతా అంగీకరించిన మందు. చౌకైనది, మాత్రగా మింగవచ్చు. దాని ముడిసరుకైన నల్లమందును చట్టబద్ధంగా పండించి ఎగుమతి చేసే దేశం మనది. కానీ 1985 చట్టం తరువాత లైసెన్సుల మీద లైసెన్సులు, పొరపాటు జరిగితే కనీసం పదేళ్ళ జైలు అన్న భయం వల్ల ఆసుపత్రులు, మందుల దుకాణాలు మార్ఫిన్ నిలువ ఉంచడమే మానేశాయి. ఏడాదికి వందల కిలోలుగా ఉన్న దేశపు వైద్య వినియోగం 1997 నాటికి 18 కిలోలకు పడిపోయింది. ఇంత పెద్ద దేశానికి, 18 కిలోలు! వైద్య విద్యార్థుల తరాలకు తరాలు మార్ఫిన్ వాడకం నేర్చుకోకుండానే పట్టాలు పుచ్చుకున్నాయి.

మన జిల్లాలో నోటి కాన్సరు, గర్భాశయ ముఖద్వార కాన్సరు రోగులు చివరి దశలో ఎలా వచ్చేవారో నాకు తెలుసు. రాత్రంతా మూలుగుతుంటే మేము ఇవ్వగలిగినవి మామూలు నొప్పి మాత్రలు. మార్ఫిన్ కావాలంటే బెంగళూరు వెళ్ళమని చెప్పేవాళ్ళం. కూర్చోలేని మనిషి రెండు వందల కిలోమీటర్ల బస్సు ప్రయాణం ఎలా చేస్తాడు? కేరళకు చెందిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివారి సుదీర్ఘ కృషి ఫలితంగా 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలకు మార్ఫిన్ సులభం చేశారు. చట్టం మారినా భయం ఇంకా పూర్తిగా పోలేదు. మత్తుకు అలవాటు పడతారేమోనన్న భయంతో, మరికొన్ని వారాల్లో కన్నుమూయబోయే మనిషికి నొప్పి మందు నిరాకరించిన సమాజం మనది. ఏ వస్తువునైనా పాపంగా ముద్రవేసి తలుపు మూస్తే ఆ తలుపు వెనుక అత్యంత అవసరమైనవారే ఇరుక్కుపోతారు.

దూబగుంట తల్లులకు నా సమాధానం

నా వాదనకు అత్యంత బలమైన ప్రతివాదం రాజకీయ నాయకులది కాదు, దూబగుంట రోశమ్మ వంటి మహిళలది. తాగి వచ్చిన భర్త చేతిలో దెబ్బలు తిన్న స్త్రీకి నియంత్రణ, నాణ్యత అన్న మాటలు వెక్కిరింతగా వినిపిస్తాయి. ఆ ఆగ్రహం న్యాయమైనది.

అయితే ఆ ఉద్యమం దేనిమీద తిరగబడిందో గుర్తుచేసుకుందాం. 1980లలో ‘వారుణ వాహిని’ పేరుతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో నింపించి మారుమూల పల్లెలకు చేర్చింది. తాగునీరు చేరని ఊరికి సారా చేరింది. 1970–71లో 39 కోట్ల రూపాయలున్న ఎక్సైజు రాబడి 1991–92 నాటికి 800 కోట్లు దాటింది. అక్షరాస్యత ఉద్యమంలో చదువు నేర్చుకున్న స్త్రీలు తమ ఊరి దుకాణాన్ని మూయించారు, వేలంపాటలను అడ్డుకున్నారు. వారు ఎదిరించినది ఇంటి గుమ్మం ముందుకు సారా తెచ్చి అమ్మే ప్రభుత్వాన్ని, దానితో లాభపడే కాంట్రాక్టరును. అమ్మకాలు పెంచడం ప్రభుత్వ లక్ష్యం కావడమే అక్కడి మూల వ్యాధి.

నేను కోరుతున్న నియంత్రణలో ఆ తల్లులు కోరినది మొదటి నియమం. ఊరి మహిళలు వద్దన్నచోట దుకాణం ఉండరాదు. బెల్టు షాపు కనబడితే లైసెన్సుదారుడు శిక్ష అనుభవించాలి. ఏ అధికారికీ అమ్మకాల లక్ష్యం ఇవ్వరాదు. భార్యను కొట్టినవాడికి తాగి ఉన్నాడన్న సాకు పనికిరాదు, కొట్టిన నేరానికి శిక్ష పడాలి. నిషేధం ఉన్న ఊరిలో ఆమె ఎవరి మీద ఫిర్యాదు చేయాలి? సారా కాచేవాడు పేరులేనివాడు, తరచు పలుకుబడి ఉన్నవాడు. లైసెన్సు ఉన్న దుకాణానికి తలుపు ఉంటుంది, తాళం వేయించవచ్చు.

పొగాకు నేర్పిన పాఠం

నియంత్రణ పనిచేస్తుందా అని అడిగేవారికి మన దేశంలోనే సాక్ష్యం ఉన్నది. 2003 పొగాకు చట్టం పొగాకును నిషేధించలేదు. ప్రకటనలు ఆపింది, బహిరంగ ధూమపానం ఆపింది, పిల్లలకు అమ్మడం నేరమన్నది, పెట్టె మీద భయంకరమైన బొమ్మ వేయించింది. పన్నులు పెరిగాయి. జాతీయ సర్వేల ప్రకారం పొగాకు వాడే వయోజనులు 2009–10లో 34.6 శాతం ఉండగా 2016–17 నాటికి 28.6 శాతానికి తగ్గారు. బీడీ తాగినందుకు ఒక్కరినీ జైలుకు పంపకుండా సాధించిన తగ్గుదల ఇది. మరోవైపు గుట్కాను నిషేధించి దశాబ్దం దాటింది. మీ వీధి చివరి బంకులో అడిగి చూడండి, దొరకదేమో!

విదేశాల అనుభవమూ పరిశీలించదగినదే. పోర్చుగల్ 2001లో సొంత వాడకానికి కొద్దిపాటి మత్తుమందు ఉంచుకోవడాన్ని నేరాల జాబితా నుంచి తొలగించి, పట్టుబడినవారిని కోర్టుకు బదులు వైద్య, సామాజిక నిపుణుల సంఘం ముందుకు పంపింది. అక్కడ మత్తుమందుల మరణాలు, సూదుల వల్ల వ్యాపించే హెచ్.ఐ.వి. బాగా తగ్గాయి. కెనడా 2018లో గంజాయిని ప్రభుత్వ నియంత్రణలో అమ్మకానికి తెచ్చింది. అన్ని కథలూ శుభాంతం కాలేదు. థాయిలాండ్ 2022లో నియమాలు రాసుకోకముందే గంజాయికి గేట్లు తెరిచి, వీధివీధిన దుకాణాలు వెలిశాక 2025లో వైద్యుడి చీటీ తప్పనిసరి చేసింది. అంటే నిషేధం ఎత్తివేయడం ఒక్కటే సరిపోదు. నియమాలు ముందు రావాలి, దుకాణం తరువాత రావాలి.

నేను కోరేది ఏమిటి?

ఒకటి: సొంత వాడకానికి కొద్ది మొత్తంలో ఏ మత్తుపదార్థం దొరికినా దానిని నేరంగా చూడరాదు. సరుకు స్వాధీనం చేసుకొని మనిషిని వైద్యుడి దగ్గరకు పంపాలి. అమ్మినవాడి మీద, ముఖ్యంగా పిల్లలకు అమ్మినవాడి మీద కేసు గట్టిగా నడవాలి.

రెండు: గంజాయిని ప్రభుత్వ గుత్తాధిపత్యంలో, లైసెన్సు సాగు కింద తేవాలి. ఎన్‌డీపీఎస్ చట్టం పదవ సెక్షను సాగును అనుమతించి నియంత్రించే అధికారాన్ని రాష్ట్రాలకు ఇస్తూనే ఉన్నది. ఏజెన్సీ గిరిజనుడు దళారికి బదులు ప్రభుత్వానికి అమ్ముకోవాలి. గాఢతకు పరిమితి, ఇరవై ఒకటి దాటిన వయస్సు, ప్రకటన లేని తెల్ల పొట్లం, బడులకు దూరంగా దుకాణం, ప్రైవేటు కంపెనీలకు ప్రవేశం లేకపోవడం ఇందులో తప్పనిసరి. వయోజనుల అమ్మకానికి కేంద్ర చట్టం మారాలి. అది మారే వరకు వైద్య, పారిశ్రామిక అవసరాలతో మొదలుపెట్టవచ్చు.

మూడు: హెరాయిన్ వంటి ప్రాణాంతకమైనవి ఎన్నడూ దుకాణానికి రాకూడదు. వాటికి అలవాటుపడినవారికి బుప్రినార్ఫిన్ వంటి ప్రత్యామ్నాయ చికిత్స వైద్యుల పర్యవేక్షణలో, ఉచితంగా, అందుబాటులో ఉండాలి. ఇది కూడా నియంత్రణే.

నాలుగు: మద్యం రాబడిలో ఒక నిర్ణీత వాటా చట్టప్రకారం చికిత్సకే కేటాయించాలి. ఎయిమ్స్ వైద్యులు కేంద్ర ప్రభుత్వం కోసం చేసిన, 2019లో వెలువడిన సర్వే ప్రకారం మద్యానికి బానిసలైనవారిలో 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతున్నది. మిగిలిన ముప్పై ఏడుగురి డబ్బు ఖజానాకు చేరుతున్నది, వారు మాత్రం ఆసుపత్రికి చేరడం లేదు. ప్రతి ఏరియా ఆసుపత్రిలో కొన్ని పడకలు, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో శిక్షణ పొందిన ఒక వైద్యుడు ఉండాలన్నది పెద్ద కోరిక కాదు.

ఇవన్నీ అమలైనా మత్తు మాయమైపోదు. కొందరు తాగుతారు, కొందరు పీలుస్తారు, కొందరు చెడిపోతారు. నేను వాగ్దానం చేయగలిగినది తక్కువ: తక్కువ మంది విషం తాగుతారు, తక్కువ మంది జైలుకు వెళతారు, ఎక్కువ మంది వైద్యుడి దగ్గరకు వస్తారు. ప్రజారోగ్యంలో విజయం అంటే సాధారణంగా ఇంతే ఉంటుంది. మత్తులేని సమాజం అన్న గొప్ప వాగ్దానం మూడుసార్లు విన్నాము. దాని ఖరీదు కూలివాడి కంటిచూపుతో, గిరిజనుడి యౌవనంతో, కాన్సరు రోగి చివరి రాత్రులతో చెల్లించాము.

మీ ఎమ్మెల్యే ఓటు అడగడానికి వచ్చినప్పుడు ఎన్ని టన్నుల గంజాయి తగులబెట్టారని అడగకండి. మన నియోజకవర్గంలో వ్యసన చికిత్సకు ఎన్ని పడకలున్నాయని అడగండి. మీ ఇంట్లోనో, పొరుగునో ఎవరైనా ఈ అలవాటుతో బాధపడుతుంటే తిట్టకుండా, దాచకుండా, 14446 జాతీయ సహాయవాణికి గాని, 14416 టెలి-మానస్‌కు గాని ఫోను చేయండి. వ్యసనం ఒక వ్యాధి. ఆ మనిషిని ముందు రోగిగా చూడండి.